గువ్వలచెరువు ఘాట్‌లో బ్రేకు మెత్తబడింది, ఆదివారం ఇంటి ముందు ఫ్లూయిడ్ మార్చాం

మొన్న మే నెలలో రాయచోటి నుంచి కడపకు వస్తూ గువ్వలచెరువులో ఆగి పాలకోవా తీసుకున్నాం. కారులో ఐదుగురం, డిక్కీ నిండా సామాను, మిట్టమధ్యాహ్నం ఎండ. ఘాట్ దిగేటప్పుడు ముందు ఒక లారీ, దాన్ని దాటితే ఇంకో లారీ, నేనేమో ఆటోమేటిక్ గేరును డి (డ్రైవ్) లోనే వదిలేసి ప్రతి మలుపుకూ బ్రేకు మీదే పడి దిగుతున్నా. ఒక మలుపులో పెడల్ తడిసిన స్పాంజి తొక్కినట్టు మెత్తగా లోపలికి పోయింది. గబగబా రెండుసార్లు తొక్కితే పట్టుకుంది. మాన్యువల్‌లోకి మార్చి రెండో గేరులో మెల్లగా దిగి, కింద చెట్టు నీడన ఆపా. వెనక సీట్లో వాళ్లకు ఏమీ తెలియదు, కోవా తింటున్నారు.

అరగంట తర్వాత తొక్కి చూస్తే పెడల్ మళ్లీ గట్టిగా ఉంది. నాకు అసలు టెన్షన్ అప్పుడే మొదలైంది.

నాది 2016 పోలో జీటీ టీఎస్ఐ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. టర్బో ఎలా లాగుతుందో చూసుకున్నానే గానీ బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారని అడగనే లేదు. ఎర్రముక్కపల్లెలో నాకు తెలిసిన మెకానిక్ భాయ్ మూత తీసి చూసి, "ఇది ఫ్లూయిడ్ కాదన్నా, డికాక్షన్" అన్నాడు. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మూత బిగించే ఉన్నా రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కొంచెం కొంచెం చేరుతూనే ఉంటుంది. నా కారులో పోసే డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, అదే 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి దిగిపోతుంది. ఘాట్‌లో డిస్కులు కాలిపోతుంటే ఆ డిస్కును పట్టి ఆపే కాలిపర్‌లో ద్రవం మరిగి ఆవిరవుతుంది. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది, అందుకే పెడల్ లోపలికి పోయేది. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది, ఏమీ జరగనట్టే ఉంటుంది. చాలామంది రెండేళ్లకోసారి మార్చమనేది ఇందుకే.

భాయ్ పెళ్లికని ఊరెళ్తున్నాడు, నాకేమో సొంతంగా చేయాలని దురద. ఆయన దగ్గరే కారు ఎత్తి నిలిపే స్టాండ్లు అరువు తీసుకున్నా. సీలు విప్పని డాట్ 4 అర లీటరు డబ్బాలు రెండు, చేపల తొట్టెల షాపులో పారదర్శకంగా ఉండే సన్న పైపు, మెడికల్ షాపులో పెద్ద సిరంజి కొన్నా. షాపులో డాట్ 5 చూపించి ఇంకా మంచిదన్నారు. అది సిలికాన్‌ది, డాట్ 4 లాంటి వాటితో కలవదు, ఇలాంటి కార్లలో పోయకూడదు. డాట్ 5.1 వేరు, అది సిలికాన్‌ది కాదు, పేరు చూసి మోసపోవద్దు.

పెడల్ తొక్కడానికి మా నాయన. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. "మా బస్సుకు గాలి ఉంటేనే బ్రేకు, నీ కారుకు గాలి దూరితే బ్రేకు పాయె, అంతేనా అబ్బీ?" అన్నాడు. అంతే.

పాత ద్రవాన్ని సిరంజితో బానెట్ కింద ఫ్లూయిడ్ ఉండే డబ్బాలోంచి లాగేసి కొత్తది నింపి, పెడల్ తొక్కితే ద్రవాన్ని చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాం (మీ కారు మాన్యువల్ పుస్తకంలో వేరే వరుస ఉంటే అదే పాటించండి). నా కారుకు వెనక డ్రమ్ము బ్రేకులే, ద్రవాన్ని బయటికి వదిలే చిన్న మర, అంటే నిపుల్, తుప్పు పట్టి ఉంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచా కాబట్టి విరగకుండా కదిలింది. నేను "తొక్కు" అంటే ఆయన తొక్కి పట్టుకోవాలి, నేను పైపు తగిలించిన నిపుల్ వదులు చేసి, బిగించాక "వదులు" అంటేనే కాలు తీయాలి. ఇంత సులువైన పనిలో కూడా నాయనకు ఫోన్ వచ్చి నేను బిగించకముందే కాలు తీసేశాడు. పైపులో ద్రవం వెనక్కి జారడం, దాని వెంట గాలి బుడగ నిపుల్లోకి దూరడం నా కళ్ల ముందే జరిగిపోయింది. ఆ చక్రం మళ్లీ మొదటి నుంచి. ఫోన్ లాక్కొని అమ్మ చేతికిచ్చా.

భాయ్ చెప్పిన ఇంకో మాట బాగా పనికొచ్చింది: పాత కారులో పెడల్‌ని నేల దాకా తొక్కొద్దు. మాస్టర్ సిలిండర్‌లో రోజూ రబ్బరు సీలు తిరిగే చోటు నునుపుగా ఉంటుంది, దాని అవతల మడ్డి పేరుకొని ఉంటుంది, అక్కడిదాకా పోతే సీలు చీరుకుపోవచ్చు. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టాం.

పది పన్నెండు సార్లు తొక్కాక పైపులో నల్లటిది పోయి లేత తేనె రంగు రావడం మొదలైంది. మిగతా మూడు చక్రాలూ అంతే. డబ్బాలో మట్టం మాత్రం నాలుగైదు తొక్కుళ్లకోసారి చూస్తూనే ఉన్నా, అది అడుగంటి ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే యూనిట్) లోకి గాలి పోతే స్కానర్ పెట్టి లోపలి పంపు తిప్పాల్సి రావచ్చు. రెండు చుక్కలు ఫెండర్ మీద పడితే వెంటనే నీళ్లు పోసి కడిగా, రంగు తినేస్తుంది.

సాయంత్రం ముందు వీధిలో నడక వేగంతో, తర్వాత ఖాళీ రోడ్డు మీద 60 నుంచి గట్టిగా తొక్కి చూశా. పెడల్ పైనే ఆగింది, రాయిలా.

ఇంటికొచ్చేసరికి పాత ద్రవం పట్టిన కూల్‌డ్రింకు సీసా గేటు దగ్గర లేదు. అమ్మ నన్నారి షర్బత్ అనుకొని ఫ్రిజ్‌లో పెట్టింది. విషం అది. అప్పుడే బయటికి తెచ్చి, మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాసి, భాయ్ వచ్చేదాకా కారు డిక్కీలో తాళం వేసి పెట్టా.