ముసలి పులుల పోరులో ముందుగా చూడాల్సింది కాళ్లు

అమెరికాలో శనివారం రాత్రి వయసు మళ్లిన బాక్సర్ల పోటీ అంటే వైజాగ్‌లో ఆదివారం పొద్దున. బీచ్ రోడ్డు టీ బళ్ల దగ్గర జోస్యాలన్నీ పంచ్ బలం మీదే. కానీ వయసు మీద పడితే ముందు పోయేవి కాళ్లు, పంచ్ ఆఖరున. 1994లో బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ 45 ఏళ్ల వయసులో, పాయింట్లలో వెనకబడి కూడా, పదో రౌండ్‌లో హెవీవెయిట్ చాంపియన్ మూరర్‌ను పడగొట్టాడు.

జాబ్ (ముందున్న చేత్తో సూటిగా వేసే చురుకైన గుద్దు) కొట్టాక ఎడమచెయ్యి గడ్డం దగ్గరికి తిరిగొస్తోందా, నడుం దాకా జారుతోందా? జారితే అవతలివాడి కుడిచేతికి తలుపు తీసినట్టే. పదేపదే రింగు తాళ్లకు ఆనుకుంటే ఊపిరి అయిపోయిందన్నమాట (1974లో మహమ్మద్ అలీ కావాలనే తాళ్లకు ఆనుకుని ప్రత్యర్థిని అలసిపోయేలా చేసిన ఎత్తుగడ అందరికీ అబ్బదు లెండి).

నిబంధనలూ చూడాలి. 2020లో మాజీ చాంపియన్లు టైసన్, రాయ్ జోన్స్ ఆడింది రెండేసి నిమిషాల 8 రౌండ్లు, 12 ఔన్సుల గ్లవ్స్‌తో, డ్రా. రౌండ్లు అలా చిన్నవై, గ్లవ్స్ మందంగా ఉన్నప్పుడు నాకౌట్ మీద ఆశ పెట్టుకోను. జాబ్ నిలబెట్టుకున్నవాడికే నా ఓటు.