గార్బో సినిమాలో మిగిలిన తొమ్మిది నిమిషాలు

హాలీవుడ్ తార గ్రెటా గార్బో సినిమాలు వరసగా చూసుకుంటూ వెళ్తే 1928 దగ్గర ఆగిపోవాల్సి వస్తుంది. ఆ జనవరిలో ఎంజీఎం స్టూడియో విడుదల చేసిన ‘ద డివైన్ ఉమన్’ అనే మూకీ సినిమా పూర్తి ప్రింటు ఎక్కడా లేదు. ఆమె హీరోయిన్‌గా చేసిన సినిమాల్లో ఇలా పోయింది ఇదొక్కటే. దర్శకుడు విక్టర్ సియోస్ట్రోమ్, హీరో లార్స్ హాన్సన్ కూడా గార్బో లాగే స్వీడన్ నుంచి హాలీవుడ్ వెళ్లినవాళ్లు, పైగా సియోస్ట్రోమ్ ఆమెని డైరెక్ట్ చేసింది ఈ ఒక్కసారే, అందుకే నాకు మరీ బాధ.

కథ చెబితే చాలామంది పెదవి విరుస్తారు. పల్లెటూరి పిల్ల మరియాన్ పారిస్ వచ్చి లూసియన్ అనే సైనికుణ్ణి ప్రేమిస్తుంది, అతను ఆమె కోసం సైన్యం వదిలేస్తాడు, ఆమె కోసమే ఒక గౌను దొంగిలించి జైలుకి పోతాడు, ఈలోగా ఆమె పెద్ద నాటకాల తార అయిపోతుంది. ఫ్రెంచ్ నాటక నటి సారా బెర్నార్ తొలి రోజుల్ని లీలగా దృష్టిలో పెట్టుకుని అల్లిన కథ. అంతా మనం వందసార్లు చూసిందే.

కానీ 1993లో మాస్కోలోని ఒక ఆర్కైవ్‌లో ఒక రీలు దొరికింది, రష్యన్ టైటిల్ కార్డులతో, తొమ్మిది నిమిషాలు. లూసియన్ రెజిమెంట్ అల్జీరియా వెళ్లిపోతోంది, అతను వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు, టైమ్ అయిపోతోంది, ఆమె వదలదు. అంతే సన్నివేశం. తర్వాతి సినిమాల్లో అందరికీ దూరంగా, ముభావంగా ఉండే గార్బో కాదు ఈమె. నవ్వుతుంది, అతన్ని అల్లుకుపోతుంది, ఏడుస్తుంది, ఒక మూడ్ నుంచి ఇంకోదానికి ఎప్పుడు జారిందో తెలియదు. అది చూశాక అనిపించింది, కథ అందరికీ తెలుసు కాబట్టి సినిమా తెలిసినట్టే అనుకోవడం ఎంత తప్పో. మెలోడ్రామా కథలో ఉండదు, ఆ ముఖంలో ఉంటుంది.

టాకీలు రాగానే మూకీల్ని ఎవరూ పట్టించుకోలేదు. అప్పట్లో వాడిన నైట్రేట్ ఫిల్మ్ ఇట్టే అంటుకుంటుంది, దానంతటదే కుళ్లిపోతుంది కూడా, అందులోని వెండి కోసం కరిగించేసినవి ఎన్నో. మన రఘుపతి వెంకయ్య, ప్రకాష్‌లు 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా పోయింది.

మిగతా రీళ్లు దొరికితే నేను ముందు చూసేది ప్రేమ సన్నివేశాలు కాదు, మరియాన్ స్టేజి ఎక్కేవి. మాట వినిపించని సినిమాలో గార్బో ఒక నాటక నటిగా ఎలా చేసి ఉంటుందో చూడాలి.