కుట్లా, అతుకా, అలా వదిలేయడమా

నా కంటి మూల, ముక్కు పక్కన ఉన్న నల్ల బొడిపెని మా ఇంట్లో అందరం పుట్టుమచ్చే అనుకున్నాం. కళ్లజోడు రాసుకుని రక్తం రావడం, చెక్కు కట్టడం, అది ఊడితే మళ్లీ రక్తం. బయాప్సీలో బేసల్ సెల్ కార్సినోమా అని తేలింది. చర్మ క్యాన్సరే, కాకపోతే ఒంట్లో వేరే చోటికి పాకడం చాలా అరుదు, ఉన్నచోటే తొలుచుకుపోతుంది. మనవాళ్లకి ఇది తరచుగా నల్లగానే వస్తుందట, అందుకే మచ్చ అనుకుని వదిలేస్తారట.

తీయించుకోవడానికి నేను భయపడలేదు. తీశాక ఆ గుంటని ఎలా మూస్తారన్నదే టెన్షన్. చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మం కూడా కలిపి తీస్తారు కాబట్టి కందిగింజంత బొడిపెకి గాయం అంతకు రెండింతల పైనే ఉంటుంది. డాక్టరు గారు నా చేతికి అద్దమిచ్చి, అక్కడి చర్మాన్ని రెండు వేళ్లతో దగ్గరికి లాగారు. కింది రెప్ప జారి లోపలి ఎరుపు కనిపించింది. నేరుగా కుట్లు వేస్తే ఇలాగే అయ్యి కన్ను కారుతూ ఉంటుందన్నారు. కనుబొమల మధ్య చర్మాన్ని రక్తప్రసరణ తెగకుండా కిందికి జరిపి కుట్టొచ్చు, దాన్నే ఫ్లాప్ అంటారు, కానీ అక్కడ మందంగా ఉబ్బొచ్చు. చెవి వెనక చర్మం తీసి అతికిస్తే రంగు తేడా రావచ్చు, పైగా రెండో గాయం. లేదంటే ఏమీ మూయకుండా దానంతట అదే పూడేదాకా డ్రెస్సింగ్‌తో ఉంచడం. కంటి మూలలాంటి పల్లపు చోట్ల ఇది బాగా మానుతుందని, అదే ముక్కు కొన మీదైతే తను ఒప్పుకునేవాణ్ణి కాదని అన్నారు.

మా ఆవిడ ఒక్కసారిగా, "ఏవండీ, ముఖం మీద పుండు పెట్టుకుని ఎన్నాళ్లు తిరుగుతారు?" అంది. నాకు షుగర్ ఉంది, కంట్రోల్లోనే ఉందనుకోండి, అయినా ఆమె భయం ఆమెది. నేను మాత్రం వదిలేయడానికే మొగ్గాను. అంచుల్లో క్యాన్సర్ మిగల్లేదని రిపోర్టు రాకుండా చర్మం జరిపి కుట్టేస్తే, మిగిలింది దాని కింద దాక్కుంటుందన్న మాట నా మనసులో బాగా నాటుకుంది. రిపోర్టు క్లియర్‌గానే వచ్చింది.

ఆ వారాలు మాత్రం ఓపిక పరీక్షే. గాయం ఎండితే త్వరగా మానుతుందనుకుంటాం గానీ అది తప్పు, తడిగా ఉంటేనే కొత్త చర్మం అంచుల నుంచి లోపలికి పాకుతుంది. రోజూ సెలైన్‌తో కడిగి, వాజలీన్ దట్టంగా రాసి, అంటుకోని గాజ్ గుడ్డ వేసేది మా ఆవిడే. విశాఖ ఉక్కపోతకి మధ్యాహ్నానికల్లా ప్లాస్టర్ ఊడి వచ్చేసేది. వాజలీన్ తక్కువైన రోజున ఆ గుడ్డ అతుక్కుని, లాగితే గులాబీ రంగు కండ మీద సన్నటి రక్తపు చుక్కలు లేచేవి. శ్రీకాకుళం నుంచి మా అక్క ఫోన్ చేసి "పప్పు తినకురా, చీము పడుతుంది" అని గోల. డాక్టరు గారేమో పప్పు, గుడ్లు బాగా తినమన్నారు, తిన్నాను.

ఇప్పుడక్కడ చుట్టూ చర్మం కన్నా కాస్త తెల్లటి మచ్చ ఉంది, రెప్ప ఎప్పటిలాగే ఉంది. ఒకసారి వచ్చినవాళ్లకి ఇంకోచోట కొత్తది రావచ్చు కాబట్టి చెకప్‌లు మానడం లేదు, బీచ్ రోడ్డులో నడకకి ఎండెక్కకముందే వెళ్లొచ్చేస్తున్నాను.