రామప్పకు సైకిల్ మీద

హనుమకొండ నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేటకు 65–70 కి.మీ. గుడెప్పాడ్, కటాక్షపూర్, మల్లంపల్లి మీదుగా ములుగు దాకా 163వ జాతీయ రహదారే. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగితే వెంకటాపూర్, ఆ తర్వాత పాలంపేట. పెద్ద ఎత్తులేమీ లేవు. గేర్ల సైకిలైతే మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది.

ఈ దారిలో ఇబ్బంది పెట్టేదల్లా ఎండే. పొద్దున తూర్పుకు పోతాం కాబట్టి సూర్యుడు ఎదురుగా ఉంటాడు. మనకు కళ్లద్దాలు ఉంటే సరిపోతుంది గానీ, వెనక వచ్చే లారీ డ్రైవరుకూ అదే ఎండ కళ్లలో కొడుతుంది. అందుకే తెల్లారిపోయిందని వెనక ఎర్రలైటు ఆర్పేయొద్దు, తొమ్మిదింటి దాకా మిణుకుతూనే ఉండాలి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఇదే కథ. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరి ఎనిమిది, ఎనిమిదిన్నరకే చేరి, ఎండ ముదరకముందే తిరుగుముఖం పట్టడం మేలు.

వరికోతలప్పుడు రోడ్డు మీద సగం వడ్లే ఉంటాయి. వాటి మీదకు చక్రం ఎక్కిందా, జారడం ఖాయం. బ్రేకు వేస్తే ఇంకా జారుతుంది. అంతకంటే ప్రమాదం, వడ్లు ఎత్తేశాక మిగిలిపోయే రాళ్లు. పట్టాలు లేవకుండా అంచుల్లో పెట్టినవి చీకట్లో తారు రంగులో కలిసిపోతాయి. నాలుగున్నరకు బయల్దేరేవాళ్లకు ముందు లైటు అందుకే, దాన్ని పది మీటర్ల దూరం కనపడేలా కిందికి వంచి బిగించాలి.

టైరు 28 మి.మీ. కంటే సన్నగా ఉండొద్దు. 32 మి.మీ. టైరుకు, 70 కిలోల మనిషికి 60–65 పి.ఎస్.ఐ. గాలి చాలు. సైకిల్‌ను రోడ్డు దించి తుమ్మచెట్టు నీడన ఆనిస్తే ముల్లు దిగుతుంది. గాలి మెల్లగా పోయి, పది కిలోమీటర్ల తర్వాత గానీ తెలియదు. రెండు ట్యూబులు, ప్యాచులు, టైరు ఊడదీసే లీవర్లు వెంట ఉండాలి. ట్యూబుకు సన్నమూతి ప్రెస్టా వాల్వ్ అయితే ఇత్తడి అడాప్టర్ మర్చిపోవద్దు, దారిలో పంచర్ షాపుల పంపు దానికి పట్టదు. ట్యూబు మార్చేముందు టైరు లోపల వేలితో తడిమి ముల్లు తీయకపోతే కొత్త ట్యూబుకూ అదే గతి.

వానాకాలంలో కటాక్షపూర్ చెరువు మత్తడి దుంకితే నీళ్లు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి, ముందే కనుక్కోవాలి. మేడారం జాతర రోజుల్లో మాత్రం సైకిల్ వద్దే వద్దు.

పాలంపేటలో ముందు శాసనం చూడండి. నాలుగు ముఖాల నల్లరాతి స్తంభం, చిన్న మండపంలో ఉంటుంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గుడి కట్టించిన సంగతి అందులోనిదే. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, పొద్దున్నే అయితే ప్రశాంతంగా చూడొచ్చు. గుడి తూర్పుముఖం కాబట్టి అప్పుడు వెలుగూ బాగుంటుంది. శిఖరానికి నీళ్లలో తేలే తేలికైన ఇటుకలు వాడారు, అవి కింది నుంచి కనపడవు. కనపడేవి చూరు కింద నల్లరాతి మదనికలు: నున్నటి రాతిలో నగల పూసలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. వాళ్లలో ఒకావిడకు మడమ ఎత్తు చెప్పులు. మనం మాత్రం పెడల్‌కు బిగిసే క్లీట్ల బూట్లు బయట విడిచి వెళ్లాలి. పది దాటితే బండలు కాలుతాయి, మందపాటి మేజోళ్లు ఒక జత సంచిలో పడేయండి.

తాగే నీళ్లు చల్లటి పూట గంటకు అర లీటరు, ఎండలో ముప్పావు లీటరు లెక్క. ములుగులో సీసాలు నింపుకోకుండా లోపలికి తిరగొద్దు.

గుడికి కిలోమీటరు దూరంలో కాకతీయుల కాలంనాటి రామప్ప చెరువు. ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి. గుడి చూసి వెనుదిరిగేవాళ్లే ఎక్కువ గానీ, అసలు ఆగాల్సింది ఈ కట్ట మీదే: ఒకపక్క నీళ్లు, అవతల గుట్టలు, ఇటు పచ్చటి మడులు. కాళ్లలో సత్తువ ఉంటే గణపురం కోటగుళ్లు ఇంకో పది కిలోమీటర్లు. లేకపోతే ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. ముందు చక్రం విప్పి, గేర్లున్న కుడిపక్క పైకి వచ్చేలా పడుకోబెట్టాలి. ఆ పక్క కిందికి వస్తే, గేర్లు మార్చే డెరైల్లర్‌ను పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది.