ఆరోగ్య మంత్రి ఏ సభకు జవాబు చెప్పాలి? పర్లాకిమిడి నుంచి నా మెయిన్స్ ప్రిపరేషన్

ఒడిశాలో ఉంటూ సివిల్స్ మెయిన్స్‌ను తెలుగు మాధ్యమంలో రాసేవాళ్లం కొద్దిమందిమే కాబట్టి, జనరల్ స్టడీస్ (జీఎస్) రెండో పేపరులో ఒక్క ప్రశ్న దగ్గర నేను ఎలా దెబ్బతిన్నానో, తర్వాత ఎలా చదివానో తోటి అభ్యర్థుల కోసం రాస్తున్నాను.

ప్రజారోగ్య సేవల విషయంలో మంత్రులు పార్లమెంటుకు ఏ మేరకు జవాబుదారీ అని మాక్ టెస్టులో 15 మార్కులకు అడిగితే, రాజ్యాంగంలోని 75(3) అధికరణ, లోక్‌సభకు మంత్రిమండలి వహించే సమష్టి బాధ్యత, అవిశ్వాస తీర్మానం అంటూ పేజీలు నింపాను. 4 మార్కులు వచ్చాయి. దిద్దినవారు పక్కన “ఆరోగ్యం ఎవరి జాబితాలో ఉంది?” అని మాత్రం రాశారు.

ఆ ప్రశ్న పుస్తకంలో కంటే మా అమ్మమ్మ కాలు విరిగిన నాటి సంగతిలోనే నాకు బాగా అర్థమైంది. పాతపట్నం దాటి శ్రీకాకుళం వైపు ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే, కౌంటరులోని ఉద్యోగి మా ఆరోగ్య కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, ఒడిశా కార్డు ఇక్కడ చెల్లదని వెనక్కి నెట్టాడు. దీని గురించి ఎవరిని నిలదీయాలి? కేంద్ర, రాష్ట్రాల అధికారాలను పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 6వ అంశం ప్రజారోగ్యం, ఆసుపత్రులు. 164(2) ప్రకారం రాష్ట్ర మంత్రిమండలి బాధ్యత శాసనసభకే. ఎయిమ్స్, జాతీయ ఆరోగ్య మిషన్ నిధుల వంటి వాటికే కేంద్ర మంత్రి పార్లమెంటులో జవాబు చెబుతారు. కోవిడ్ సమయంలో ఆక్సిజన్ కొరతతో మరణాలు సంభవించినట్లు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని కేంద్రం 2021 జూలై 20న రాజ్యసభకు ఇచ్చిన రాతపూర్వక జవాబును ఈ వెలుగులో చదివితే, బాధ్యత శాసనసభకూ పార్లమెంటుకూ మధ్య ఎక్కడ జారిపోతుందో తెలుస్తుంది.

అప్పటి నుంచి రోజుకొక పార్లమెంటు ప్రశ్నోత్తరం తీసి నోటుబుక్కులో రాసుకున్నాను. నక్షత్ర గుర్తు ప్రశ్నకైతే మంత్రి సభలో నిలబడి అనుబంధ ప్రశ్నలు ఎదుర్కోవాలి, గుర్తు లేనిదానికి కాగితమే జవాబు. జవాబులో మంత్రి చెప్పే “పరిశీలనలో ఉంది” అన్న మాటను నేను తప్పించుకోవడం అనుకునేవాడిని, నిజానికి అది హామీ కింద లెక్కకు వస్తుంది, దాన్ని మూడు నెలల్లో నెరవేర్చారో లేదో ప్రభుత్వ హామీల కమిటీ చూస్తుంది. నా దృష్టిలో అవిశ్వాస తీర్మానం కంటే మార్కులు తెచ్చేది ఇదే. ఆరోగ్య శాఖ పనిని పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘంలో 31 మంది సభ్యులు ఉంటారనీ, మంత్రులు అందులో ఉండరాదనీ, దాని సిఫార్సులు ప్రభుత్వాన్ని కట్టిపడేయవనీ ఒక వాక్యంలో చెబితే సరిపోతుంది.

తర్వాతి టెస్టులో ఇలాంటి ప్రశ్నకే 7½ వచ్చాయి. 151 అధికరణ కింద సభ ముందుకు వచ్చే కాగ్ (ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదికలను, వాటిని పరిశీలించే ప్రజా పద్దుల కమిటీని వదిలేసినందుకు మిగిలినవి పోయాయి.