తీగ హ్యాంగరు

ఈ ఉదయం చొక్కాను హ్యాంగరు నుంచి తీస్తుండగా, ఫోనులో దానంతట అదే మొదలైన బ్రిటిష్ గాయని కేట్ బుష్ గొంతు విని నా చేయి ఆగిపోయింది.

1979 పర్యటనలో ఆమె నాట్యం చేస్తూనే పాడాలనుకున్నందుకు, సౌండ్ ఇంజనీరు ఇలాంటి తీగ హ్యాంగరునే వంచి తలకు తగిలించుకునే మైకు తయారుచేశాడు.

19 ఏళ్లకే, తాను రాసుకున్న పాటతో బ్రిటన్ హిట్ పాటల చార్టులో మొదటి స్థానానికి చేరిన మనిషి, ఆ ఒక్క పర్యటన తర్వాత 2014లో లండన్‌లో 22 ప్రదర్శనలు ఇచ్చేదాకా, 35 ఏళ్లపాటు మళ్లీ పూర్తిస్థాయి కచేరీల జోలికి పోలేదు. (ఆల్బముకూ ఆల్బముకూ మధ్య ఒకసారి 12 ఏళ్లు!) 1985లో మూడో స్థానంలో ఆగిన ఆమె పాట, ఒక సీరియల్ పుణ్యమా అని 2022లో మొదటి స్థానానికి ఎక్కింది. ఆ తొందరలేనితనమే నాకు అసూయ కలిగిస్తుంది.

హ్యాంగరును నేనూ కొంచెం వంచి చూశాను గాని, ఇంట్లోవాళ్ల చూపు పడగానే సరిచేసి తగిలించాను.