వర్జీనియా పొగాకు నుంచి అనంతపురం కచేరీ దాకా

గుత్తి కోట కింద పాత ఇంగ్లీషు సమాధుల తోటలో థామస్ మన్రోను మొదట పూడ్చిపెట్టారు. మద్రాసు గవర్నరుగా పర్యటనలో ఉండగా 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడాయన. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. మా రాయలసీమలో పాత తరానికి ఆయన ఇంట్లో మనిషి. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు మా పెద్దలు. నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేశాను కాబట్టి నాకు ఆయన కాగితాల మీద కూడా పరిచయమే. పట్టా, శిస్తు, జమాబందీ, ఏ దారం పట్టుకుని వెనక్కి వెళ్ళినా అనంతపురంలో ఆయన కలెక్టరుగా పెట్టిన కచేరీ, అంటే ఆఫీసు, దగ్గరికే చేరుతాం.

ఆ మనిషి మన గడ్డ మీదికి రావడానికి కారణం అమెరికా స్వాతంత్ర్య యుద్ధం. వినగానే ఎవరూ నమ్మరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. గ్లాస్గో వర్తకులు అక్కడి తోటల యజమానులకు బట్టలు, పనిముట్లు అరువుకు ఇచ్చి, పంట వచ్చాక ఆ బాకీ పొగాకుగా రాబట్టుకునేవారు. 1775లో యుద్ధం మొదలయ్యేసరికి ఓడలు ఆగిపోయాయి, బాకీలు సముద్రం అవతలే ఉండిపోయాయి. తండ్రి చితికిపోయాడు. కొడుకు జీతం వెతుక్కోక తప్పలేదు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళవాడు. తండ్రి వ్యాపారం నిలబడి ఉంటే గ్లాస్గోలోనే పొగాకు లెక్కలు చూసుకుంటూ ఉండిపోయేవాడేమో. మన పొలాల లెక్క ఇంకెవరో రాసేవారు.

ఇదంతా కూర్చుని రాయడానికి మా మనవరాలు కారణం. వర్జీనియాలోనే చదువుతోంది. ఈ యుద్ధానికి కారణాలు, ఫలితాలు రాసుకు రమ్మని బడిలో చెప్పారట. ఫోనులో వినిపించింది. బాగానే రాసింది, స్టాంపు చట్టం, తేయాకు, వాషింగ్టన్, రాజ్యాంగం అన్నీ ఉన్నాయి. "మరి హైదరాలీ ఏడీ?" అని అడిగాను. "ఆయనకేం సంబంధం అవ్వా?" అంది. దాని తప్పు కాదు. నేను చదివిన పుస్తకాల్లోనూ అమెరికా యుద్ధం ప్రపంచ చరిత్రలో ఒక పాఠం, నిజాము కంపెనీకి రాసిచ్చిన మా సీమ జిల్లాలు, అంటే దత్త మండలాలు, ఆంధ్ర చరిత్రలో ఇంకో పాఠం. రెండూ ఒకే కథ అని ఏ మాస్టారూ చెప్పలేదు.

1756 నుంచి 1763 దాకా ఇంగ్లండు, ఫ్రాన్సు ప్రపంచమంతా కొట్టుకున్నాయి. కెనడాలో జరిగిన పోరూ, 1760లో మన వందవాసిలో జరిగిన పోరూ ఆ యుద్ధంలోవే. ఇంగ్లండు గెలిచింది, కానీ ప్రభుత్వ రుణం దాదాపు రెట్టింపయింది. ఆ బరువులో కొంత అమెరికా వలసల మీద వేద్దామనుకున్నారు. 1765లో స్టాంపు చట్టం వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో మొగలు చక్రవర్తి చేత బెంగాల్ దివానీ రాయించుకుంది కంపెనీ. ఒకే ఏడాది ఇక్కడా అక్కడా పన్ను వేసే అధికారానికి చెయ్యి చాచారు. అమెరికాలో ఊళ్ళకు ఊళ్ళు లేచాయి, మా ప్రతినిధులు లేని సభ మా మీద పన్ను వేయరాదన్నారు. మరుసటి ఏడాదే చట్టం వెనక్కి పోయింది. బెంగాల్లో దివానీ అలాగే ఉండిపోయింది.

ఇక తేయాకు సంగతి. అమెరికా వాళ్ళు ఓడరేవులో పారబోసిన పెట్టెలు కంపెనీవని అందరికీ తెలుసు. ఆ కంపెనీకి అంత అవసరం ఎందుకు వచ్చిందో అడిగేవాళ్ళు తక్కువ. 1769లో మైసూరును ఏలుతున్న హైదరాలీ మద్రాసు గుమ్మం దాకా వచ్చి సంధి రాయించుకున్నాడు. ఆయన దాడుల కబురు లండనుకు చేరగానే కంపెనీ వాటాల ధర కూలింది. 1770లో బెంగాల్ కరువు వచ్చింది. లక్షల ప్రాణాలు పోతున్నా శిస్తు వసూలు ఆపలేదు. ఒకవైపు యుద్ధాల ఖర్చు, ఒకవైపు నౌకర్ల దోపిడీ, గిడ్డంగుల్లో అమ్ముడుపోని తేయాకు. 1772 నాటికి కంపెనీ ప్రభుత్వం ముందు చెయ్యి చాచింది. 1773లో ప్రభుత్వం 14 లక్షల పౌండ్లు అప్పిచ్చి, ఆ తేయాకును నేరుగా అమెరికాలో అమ్ముకోవడానికి చట్టం చేసింది. ఆ తేయాకు చైనాది, మన దేశంలో అప్పటికి తేయాకు తోటలే లేవు. పౌనుకు మూడు పెన్నీల సుంకం మాత్రం అలాగే ఉంచారు. డిసెంబరు 16 రాత్రి బోస్టన్‌లో 342 పెట్టెలు నీళ్ళపాలయ్యాయి.

పెన్సిల్వేనియాలో జాన్ డికిన్సన్ అనే న్యాయవాది ఆ రోజుల్లోనే ఒక లేఖ అచ్చు వేయించాడు. ఈ కంపెనీ ఆసియాలో రాజులను దించింది, దాని మూలంగా బెంగాల్లో లక్షల మంది ఆకలితో చచ్చారు, ఇప్పుడు మన మీద కన్ను వేసింది, జాగ్రత్త అని అందులో హెచ్చరించాడు. అంటే మన వాళ్ళ చావుల కబురు వాళ్ళ తిరుగుబాటుకు ఒక వాదమయింది. మా మనవరాలికి ఇది చెప్పినప్పుడు నా గొంతు పూడుకుపోయింది.

కారణాలన్నీ పన్నులే అంటే అబద్ధమవుతుంది. 1763లో రాజు ఒక ప్రకటన చేసి, అపలాచియన్ కొండలు దాటి స్థానిక జాతుల భూముల్లోకి వలసదారులు వెళ్ళకూడదని గీత గీశాడు. భూమి మీద ఆశ పెట్టుకున్న వాళ్ళకు అది కంటగింపయింది. స్వేచ్ఛ కోసం కత్తి పట్టిన వర్జీనియా పెద్దమనుషుల పొలాల్లో బానిసలు పని చేస్తుండేవారు. వాషింగ్టన్ పొలంలో కూడా. ఆ పదమూడు వలసల జనాభాలో దాదాపు అయిదో వంతు బానిసలే.

యుద్ధం మన దాకా ఎలా వచ్చిందంటే, ఫ్రాన్సు ద్వారా. 1777లో సారటోగా దగ్గర ఇంగ్లీషు సేన లొంగిపోయాక, 1778 ఫిబ్రవరిలో ఫ్రాన్సు అమెరికాతో చేతులు కలిపింది. ఆ కబురు అందగానే కంపెనీ ఇక్కడి ఫ్రెంచి స్థావరాల మీద పడింది. ఆ అక్టోబరులో పాండిచ్చేరి, మరుసటి మార్చిలో మాహే తీసుకుంది. మాహే రేవు నుంచే హైదరాలీకి ఆయుధాలు వచ్చేవి. ఆయనకు పట్టరాని కోపం వచ్చింది.

అప్పటికి హైదరాలీ మా సీమను ఇంచుమించు చుట్టేశాడు. 1776లో, ఫిలడెల్ఫియాలో స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన ఏడాదే, గుత్తి కోట పట్టాడు. గుత్తిని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే నెలల తరబడి పోరాడి, కోటలో నీళ్ళు అయిపోయి లొంగిపోయాడు. కబ్బాళదుర్గం చెరలో కన్నుమూశాడు. ఆయన కూర్చునేవాడని చెప్పే మండపం కోట మీద ఇప్పటికీ ఉంది. 1779లో కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్ సిద్ధవటంలో చిక్కాడు. ఆ మరుసటి జూలైలో హైదర్ సేన కనుమలు దిగి కర్ణాటకం, అంటే ఆర్కాటు నవాబు సీమ, మీద పడింది. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కంపెనీ సేనను తుడిచిపెట్టింది. అక్టోబరులో విశాఖపట్నంలో సిపాయిలను ఈ యుద్ధానికి ఓడ ఎక్కమంటే ఎదురు తిరిగారు. మన్రో కూడా ఈ హైదర్ యుద్ధంలోనే సైనికుడిగా ఓనమాలు నేర్చాడు.

హైదర్ పేరు అమెరికాకు కూడా చేరింది. పెన్సిల్వేనియా వాళ్ళు తమ యుద్ధనౌకకు 'హైదర్ అలీ' అని పేరు పెట్టుకున్నారు. 1782 ఏప్రిల్లో డెలవేర్ అఖాతంలో 'జనరల్ మంక్' అనే ఇంగ్లీషు ఓడను ఆ నౌక పట్టుకుంది. గుత్తిని గెలిచిన వాడి పేరు అట్లాంటిక్ ఒడ్డున గౌరవంగా పలికారంటే, మా వైపు బడిపిల్లలకు ఒక్కరైనా చెప్పారా? యుద్ధం చివరి పోరు కూడా మన తీరంలోనే జరిగింది. 1783 జూన్‌లో కడలూరు దగ్గర ఫ్రెంచి, ఇంగ్లీషు సేనలు తలపడుతుండగా యూరపులో శాంతి కుదిరిందన్న కబురు వచ్చి ఆగింది.

ఫలితాల దగ్గరికి వస్తే నాకు ఆవేశం ఆగదు. యార్క్‌టౌన్‌లో 1781 అక్టోబరు 19న లొంగిపోయిన ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్. ఓడిపోయిన ఆ మనిషిని 1786లో మనకు గవర్నరు జనరల్‌గా పంపారు. అమెరికా పోయింది, ఇండియా పోకూడదు. బెంగాల్లో 1793లో శాశ్వత శిస్తు స్థిరపరిచి జమీందార్లను నిలబెట్టింది ఆయనే. పెద్ద ఉద్యోగాల నుంచి మన వాళ్ళను తప్పించిందీ ఆయన కాలమే. భారతీయ తల్లులకు పుట్టిన ఇంగ్లీషు వాళ్ళ పిల్లలను కూడా 1791లో కంపెనీ కొలువుకు పనికిరారన్నారు. వలసలో పుట్టి పెరిగిన తమ జాతివాళ్ళే అక్కడ తిరగబడ్డారు కదా, ఆ భయమే ఇక్కడ ఇలా నియమమయిందని నా అభిప్రాయం.

టిప్పుతో యుద్ధానికి కారన్‌వాలిస్ స్వయంగా కదిలాడు. 1792 మార్చిలో శ్రీరంగపట్నంలో సంధి జరిగింది. టిప్పు సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఒప్పుకుని ఇద్దరు కొడుకులను జామీనుగా పంపాడు. ఆ పంపకంలో కడప, గండికోట నిజాముకు వచ్చాయి. 1799లో టిప్పు చనిపోయాక గుత్తి, గుర్రంకొండ సీమలు కూడా నిజాముకే దక్కాయి. 1800 అక్టోబరు 12న ఆ నిజామే, తన దగ్గర కంపెనీ పెట్టిన సైన్యం ఖర్చు కింద, ఈ రెండుసార్లూ వచ్చినదంతా కంపెనీకి రాసిచ్చాడు. కడప, అనంతపురం, బళ్ళారి రైతులకు తెల్లారేసరికి దొర మారిపోయాడు. కర్నూలు నవాబు మాత్రం 1839 దాకా నెట్టుకొచ్చాడు.

అమెరికా యుద్ధం జరగకపోతే కంపెనీ మన దాకా వచ్చేది కాదని నేను అనను. వచ్చేదేమో. కానీ వచ్చిన తీరు, వచ్చిన మనుషులు ఆ యుద్ధం వల్లే. కారన్‌వాలిస్ గెలిచిన నేల మీదికి, పొగాకు వర్తకుడి కొడుకు కలెక్టరుగా వచ్చాడు.

ఏడేళ్ళు ఇక్కడ పని చేశాడు మన్రో. డేరాల్లో ఉంటూ ఊరూరూ తిరిగాడు. పొలం పొలం కొలిపించి, మెట్ట, మాగాణి, తోట అని తరగతులు కట్టించి, మధ్యలో జమీందారు లేకుండా నేరుగా రైతు పేరున శిస్తు రాయించాడు. నలభై ఏళ్ళు ఆ వారసత్వంలో అన్నం తిన్నదాన్ని, ఆ శ్రమను తక్కువ చేయను. మన వాళ్ళను పెద్ద పదవులకు దూరంగా ఉంచడం తప్పని 1824లో గవర్నరుగా రాసినవాడు కూడా ఆయనే. కానీ శిస్తు ఎంత? పండిన పంటలో దాదాపు 45 శాతం. అక్కడ పౌను తేయాకుకు మూడు పెన్నీలు మోయలేమని ఒక ఖండం యుద్ధానికి దిగింది. ఇక్కడ చేతికొచ్చిన ధాన్యంలో సగానికి కాస్త తక్కువ తీసుకుని, అదే న్యాయమైన శిస్తు అన్నారు.

ఎదురు తిరిగిన వాళ్ళు లేకపోలేదు. దాదాపు 80 మంది పాళెగాళ్ళను మన్రో అణచాడు, కొందరికి భరణాలిచ్చి ఊరుకోబెట్టాడు. నొస్సం పాళెగాళ్ళ వంశపు భరణం వారసులు లేరని ఆపేయడం, పాళెగాళ్ళ కింద కావలి కాసిన కట్టుబడుల మాన్యాలు లాక్కోవడం తరవాతి అధికారుల పని. దాని మీదే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. కోవెలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఉరి తీశారు. తలను కోట మీద వేలాడదీసి 1877 దాకా దించలేదు.

మా తమ్ముడు తాడిపత్రి దగ్గర సేద్యం చేస్తాడు. ఇదంతా చదివి వినిపిస్తే ఒప్పుకోలేదు. "అక్కా, పాళెగాళ్ళు రైతును పీల్చలేదా? రైతు చేతికి పట్టా వచ్చింది మన్రో వల్లే కదా. నీ అమెరికాలో మాత్రం బానిసలను ఎవరు అడిగారు?" అన్నాడు. బానిసల మాట నిజమే, పైన నేనూ రాశాను. పాళెగాళ్ళ మాట కూడా చాలావరకు నిజం. అయితే నేను అడిగింది వేరు. శిస్తు మరీ ఎక్కువగా ఉంది, పావు వంతు తగ్గించండని 1807లో మన్రో స్వయంగా రాశాడు. పైవాళ్ళు వినలేదు. పైగా ఆయన వెళ్ళగానే ఊళ్ళను మొత్తంగా గుత్తకిచ్చారు. 1820లో మన్రోనే గవర్నరుగా తిరిగి వస్తే గానీ ఆ తగ్గింపు మాట సాగలేదు. తెలిసిన కలెక్టరు చెప్పిన మాటకే పదమూడేళ్ళు పట్టింది. ఆ పదమూడేళ్ళలో శిస్తు కట్టలేక మెట్ట చేను వదిలేసి వెళ్ళిన రైతు ఏ సభ ముందు నిలబడి అడగాలి? వాడు కాసేపు ఆలోచించి, వచ్చే వారం చెబుతానన్నాడు.